పోగు ఎక్కడ తెగింది?

(వార్షికోత్సవ సభలో యువజన విభాగం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



మమ్మల్ని మాట్లాడమన్నప్పుడు విషయం మేమే ఎంచుకున్నాం. కారణం ఉంది. మగ్గం దిగి కంప్యూటర్ ముందు కూర్చున్న మా తరాన్ని ఇంట్లో పెద్దవాళ్లు అడిగేది ఒకటే మాట: "నడిరాత్రి ఫోన్ మోగుతది, లేసి కూసుంటవు. ఏమైంది బిడ్డా అంటే సర్వర్ డౌన్ అంటవు. గదేం పని?" దీనికి "మీకు తెలవదులే" అని తప్పించుకునేవాళ్లు మాలో ఉన్నారు. ఆ జవాబు మాకు నచ్చదు. తెలియకపోవడానికి ఇందులో బ్రహ్మవిద్య ఏమీ లేదు. పైగా ఈ పనిలో సగం సంగతులు మగ్గం ఎరిగినవాళ్లకే ముందు అందుతాయి.

ముందు మన చద్దరు సంగతి చూద్దాం. మిల్లు నుంచి నూలు వస్తుంది, అద్దకానికి పోతుంది. ఆ తర్వాత కండెలు, పడుగు, బీము, మగ్గం. దిగిన గుడ్డ కోతకు, కుట్టుకు, మడతకు పోయి చివరికి దుకాణం చేరుతుంది. అక్కడ విప్పి చూస్తే ఎర్రపట్టీలో ఒకచోట రంగు తేలిపోయి ఉంది. తప్పెవరిది? అద్దకంలో రంగు సరిగా పట్టలేదా? రెండు లాట్ల నూలు ఒకే బీములో కలిసిందా? ఎవరూ చెప్పలేరు. కానీ కోత మాత్రం ఎవరి కూలీలో పడుతుంది? నేసినవాడి కూలీలో. ఎందుకంటే గుడ్డ దిగింది అతని మగ్గం మీద నుంచి. ఈ సంగతి మేము విడమరిచి చెప్పనక్కర్లేదు, ఈ సభలో చాలా ఇళ్లు అనుభవించినదే.

ఇప్పుడు ఫోన్‌లోకి వద్దాం. ఒకామె ఫోన్‌లో చద్దరు ఎంచుకుని డబ్బు కట్టే బటన్ నొక్కింది. తెర మీద చక్రం తిరిగింది, రెండు సెకన్లలో "ఆర్డర్ అయింది" అని వచ్చింది. ఆ రెండు సెకన్లలో ఆమె ఎవరో చూసేది ఒక ప్రోగ్రాం. సరుకు ఉందా అని చూసేది ఇంకొకటి. ధర లెక్క, డబ్బు, డెలివరీ, మెసేజ్, అన్నీ వేర్వేరు. ఒక్కోదాన్ని ఒక్కో బృందం రాస్తుంది, ఒక్కోటి ఎన్నో యంత్రాల మీద నడుస్తుంది. దీన్నే డిస్ట్రిబ్యూటెడ్ సిస్టమ్ అంటారు. మన చద్దరు లాగే, ఎన్నో చేతుల పని.

దీన్ని కాపలా కాయడంలో రెండు రకాల పని ఉంది. మొదటిది మానిటరింగ్. మరమగ్గంలో పేక తెగితే మగ్గాన్ని ఆపే ఫోర్కు ఉంటుంది కదా. కొన్ని మగ్గాల్లో ఒక్కో పడుగు పోగుకు ఒక్కో పిన్ను వేలాడుతుంది, పోగు తెగగానే పిన్ను జారి మగ్గం ఆగుతుంది. మానిటరింగ్ అంటే అదే. ప్రొమీథియస్ అని 2012లో సౌండ్‌క్లౌడ్ కంపెనీలో మొదలైన ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. కొన్ని సెకన్లకోసారి ప్రతి ప్రోగ్రాం దగ్గరికీ పోయి లెక్కలు అడిగి తెచ్చుకుంటుంది. ఎన్ని పనులు వచ్చాయి, ఎన్ని చెడిపోయాయి, ఎంతసేపు పట్టింది, యంత్రం ఎంత నిండింది. గూగుల్ ఇంజినీర్లు 2016లో అచ్చేసిన పుస్తకంలో ముఖ్యంగా చూడమన్నవి ఈ నాలుగే.

ఇక్కడ సరాసరి లెక్కను నమ్మితే మోసపోతాం. వంద మంది బటన్ నొక్కారు. 99 మందికి సెకనులో పదోవంతు పట్టింది, ఒకరికి 10 సెకన్లు పట్టింది. సరాసరి తీస్తే సెకనులో ఐదోవంతు వస్తుంది, చూడటానికి బ్రహ్మాండంగా ఉంటుంది. ఆ ఒక్కరు మాత్రం విసుగొచ్చి ఫోన్ పక్కన పడేశారు. ఒక్కరే కదా అనుకోకండి. ఒక ఆర్డరు పది ప్రోగ్రాంల గుండా పోతుందనుకుందాం. ఒక్కో ప్రోగ్రాం వందలో ఒకసారి మాత్రమే ఆలస్యం చేస్తుంది. అయినా వందలో దాదాపు పది ఆర్డర్లకు ఎక్కడో ఒకచోట ఆలస్యం తగులుతుంది. అదే వంద యంత్రాలను అడిగే పని అయితే 63 ఆర్డర్లకు తగులుతుంది. గూగుల్‌కు చెందిన జెఫ్ డీన్, లూయిజ్ బరోసో 2013లో ఈ లెక్కనే రాసి చూపించారు. ఎవరికి వారు "నా పని బాగానే ఉంది" అంటారు, అది నిజం కూడా. గుడ్డ మాత్రం చెడిపోయి ఉంటుంది.

ఇంకో జబ్బు, ఊరికే మోగే గంటలు. రాత్రికి నలభై సార్లు ఫోన్ మోగితే నలభై ఒకటోసారి ఎవరూ లేవరు. కొనేవాళ్లకు కష్టం తగిలినప్పుడే మనిషిని లేపాలి, మిగతావి తెల్లారి చూసుకోవచ్చు. ఇది మా గట్టి అభిప్రాయం. మా నిద్ర కోసం మాత్రమే చెప్పడం లేదు!

అయితే పిన్ను జారితే మగ్గం ఆగిందని తెలుస్తుంది, అంతే. ఆ నూలు ఏ చేతుల మీదుగా వచ్చిందో పిన్ను చెప్పలేదు. అందుకే రెండో పని, ట్రేసింగ్.

దీని ఉపాయం చాలా చిన్నది. ఆర్డరు గుమ్మంలోకి రాగానే దానికొక చీటీ కడతారు. చీటీ మీద 32 అక్షరాల నంబరు ఉంటుంది, అది ఇంకే ఆర్డరుకూ ఉండదు. ఏ ప్రోగ్రాం చేతికి పోయినా చీటీ వెంట పోవాలి. ప్రతి ప్రోగ్రామూ "ఇన్నింటికి నా దగ్గరికొచ్చింది, ఇన్నింటికి వదిలాను, నాకు ఇచ్చింది ఫలానావాళ్లు" అని రాసి ఒకచోటికి పంపాలి. ఆ రాతలన్నీ నంబరును బట్టి పేర్చితే ఆర్డరు నడిచిన దారి మొత్తం తెర మీద కనిపిస్తుంది. రెండు సెకన్లలో ఒకటిన్నర సెకను ధర లెక్క దగ్గరే పోయిందని అప్పుడు తెలుస్తుంది.

గూగుల్ తన డాపర్ పద్ధతిని 2010లో లోకానికి చెప్పింది. అది చూసి ట్విట్టర్ జిప్‌కిన్ తయారుచేసింది, ఊబర్ యేగర్ తయారుచేసింది. తలో చీటీ తలో తీరుగా ఉంటే ఒకరి రాత ఒకరికి అర్థం కాదు కదా! అందుకే చీటీ ఎలా ఉండాలో 2020లో వెబ్ ప్రమాణాల సంస్థ ఖరారు చేసింది. ఓపెన్‌టెలిమెట్రీ అని అందరూ కలిసి వాడే పనిముట్లు కూడా ఉచితంగా ఉన్నాయి. మన పిల్లలు ఇంట్లో కూర్చుని ల్యాప్‌టాప్‌లో నేర్చుకోవచ్చు, ఫీజు లేదు.

చిక్కులు లేవా అంటే ఉన్నాయి. ప్రతి చీటీనీ దాచాలంటే ఎంత గోదామైనా చాలదు. డాపర్ మొదట్లో 1,024 ఆర్డర్లకు ఒక్కదాన్నే దాచేది. ఇప్పుడు కొందరు ఆర్డరు ముగిసేదాకా ఆగి, చెడినవీ ఆలస్యమైనవీ ఉంచుకుని మంచివి చాలావరకు పారేస్తున్నారు. ఇంకోటి, గడియారాలు. రెండు యంత్రాల గడియారాలు సెకనులో కొంత తేడాగా నడిస్తే, పడుగు పోయకముందే నేత మొదలైనట్టు తెర మీద కనబడుతుంది. కొత్తవాళ్లు దాన్ని చూసి బెదిరిపోతారు. అన్నిటికంటే పెద్ద చిక్కు, ఎవరో ఒకరు చీటీని ముందుకు పంపకపోవడం. ఒక్క పాత ప్రోగ్రాం చీటీని కింద పడేస్తే దారి అక్కడితో తెగిపోతుంది. తర్వాతిదంతా చీకటే. వరసలో పెట్టి తీరిగ్గా చేసే పనుల్లో ఇది మరీ ఎక్కువ.

చీటీ లేని రోజుల్లో ఏం జరుగుతుందో మేము ఉద్యోగాల్లో చూశాం. "పేమెంట్ ఫెయిల్" అని తెర మీద పడితే అందరూ పేమెంట్ బృందం మీద పడతారు. తీరా చూస్తే సరుకు చూసే ప్రోగ్రాం ఆలస్యం చేసి ఉంటుంది. వేచి వేచి పేమెంట్ వదిలేసి ఉంటుంది. చివర ఉన్నవాడి మీద నింద పడటమన్నమాట. ఆ మాట విన్నప్పుడల్లా మా ఇళ్లలో కోత పడిన కూలీ గుర్తొస్తుంది. చీటీ ఉంటే వాదన పది నిమిషాల్లో ముగుస్తుంది. అయితే ఒక్క షరతు. చీటీ ఆర్డరుకు కట్టాలి గానీ మనిషికి కట్టకూడదు. ఎవరు ఎన్ని నిమిషాలు లేచి తిరిగారో లెక్కపెట్టడానికి ఇదే పద్ధతిని వాడేవాళ్లు కూడా ఉన్నారు. అది కాపలా కాదు, పెత్తనం.

చివరిగా మీకు పనికొచ్చే ముక్క. మా చీటీ బ్యాంకు గుమ్మం దగ్గర ఆగిపోతుంది, బ్యాంకు లోపలి దారి మాకు కనిపించదు. ఆ గుమ్మం దాటి రెండు వైపులా చెల్లేది యూపీఐ 12 అంకెల నంబరు ఒక్కటే. చీరలు, చద్దర్లు ఇంటి నుంచే అమ్ముతున్న అక్కలు వినండి. "డబ్బు కట్ అయింది" అని కొన్నవాళ్లు, "నాకు రాలేదు" అని మీరు గొడవపడక ముందు ఆ నంబరు పంపమని అడగండి. తెర ఫొటో ఒక్కటే చాలదు, దాంట్లో ఆ నంబరు కనబడాలి. రిజర్వు బ్యాంకు 2019 సెప్టెంబరులో పెట్టిన నియమం ఉంది. ఒకరి ఖాతాలో కట్ అయ్యి ఇంకొకరి ఖాతాకు చేరని యూపీఐ డబ్బు మర్నాటికల్లా వెనక్కి పోవాలి. దుకాణానికి కట్టింది, దుకాణానికి ఖరారు కాకపోతే ఐదు రోజుల్లో వెనక్కి రావాలి. గడువు దాటితే రోజుకు 100 రూపాయలు పరిహారం. ముందు ఆ నంబరుతో బ్యాంకుకు ఫిర్యాదు పెట్టాలి. 30 రోజుల్లో జవాబు రాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు రాయవచ్చు.

భోజనాల తర్వాత మేము నలుగురం పుస్తకాల బల్ల దగ్గర కూర్చుంటాం. ఎవరికైనా అలా ఆగిపోయిన డబ్బు ఉంటే ఫోన్ తీసుకుని రండి, నంబరు ఎక్కడుంటుందో చూపిస్తాం. పిన్ నంబరు మాత్రం మాక్కూడా చెప్పకండి.