ఏ చేతికి వేశారు?

నర్సింగ్ పట్టాలు అందుకుంటున్న మీ అందరికీ అభినందనలు. నేను క్యాన్సర్ సర్జన్‌ని. రొమ్ము క్యాన్సర్‌కు వైద్యం చేయించుకున్న ఆడవాళ్ళకు టీకా వేసేటప్పుడు ఏం గుర్తుపెట్టుకోవాలో, ఆ ఒక్క విషయమే మీతో మాట్లాడాలని వచ్చాను.

2021 జనవరి 16న మన దేశంలో కోవిడ్ టీకాలు మొదలయ్యాయి. ఆ తర్వాత నెలల తరబడి మా ఓపీలో ఇవే ప్రశ్నలు. టీకా వేయించుకోవచ్చా? జబ్బు తిరగబెడుతుందా? టామాక్సిఫెన్ మాత్రలు ఆపాలా? వేయించుకోవచ్చు, దానివల్ల తిరగబెట్టదు, మాత్రలు ఆపక్కర్లేదు. సూది వేసినచోట నొప్పి, ఒళ్ళునొప్పులు, ఒకటి రెండు రోజుల జ్వరం వీళ్ళకూ అందరికీ వచ్చినట్టే వస్తాయి. చిక్కు వచ్చింది చంక దగ్గర.

భుజం కండలో టీకా పడ్డాక దాన్ని గుర్తుపట్టి ఒంటిని సిద్ధం చేసే పని ఆ పక్క చంకలోని లింఫ్ గ్రంథులది. ఆ పనిలో అవి ఉబ్బుతాయి, బిళ్ళ కడతాయి. మోడెర్నా టీకా ప్రయోగాల్లో రెండో డోసు తర్వాత పదిమందిలో ఒకరికి పైగా చంకలో వాపో నొప్పో ఉందని చెప్పారు. మామూలు మనిషికి అదొక చిన్న ఇబ్బంది. కానీ రొమ్ము క్యాన్సర్ సాధారణంగా ముందు పాకేది కూడా ఆ గ్రంథులకే. ఆ సంగతి ఆ జబ్బు చేసిన ప్రతి మనిషికీ తెలుసు.

మా దగ్గర వైద్యం చేయించుకున్న ఒకామెకు ఎడమ పక్క ఆపరేషన్ అయింది, కీమో, కరెంటు (రేడియేషన్) పెట్టించుకోవడం అన్నీ పూర్తయ్యాయి. టీకా తర్వాత ఒకరోజు స్నానం చేస్తుంటే ఎడమ చంకలో బఠాణీ గింజంత బిళ్ళ చేతికి తగిలింది. ఇంట్లో కూతురి పెళ్ళి పనులు జరుగుతున్నాయి. ముహూర్తం దాటేదాకా నోరు విప్పలేదు. నా దగ్గరికి వచ్చేసరికి మనిషి సగమైపోయింది. "టీకా ఏ చేతికి వేశారమ్మా?" అని అడిగితే, రెండు డోసులూ రెండు చోట్ల వేశారనీ, ఏది ఏ చేతికో గుర్తులేదనీ చెప్పింది. సర్టిఫికెట్ తీసి చూశాం. టీకా పేరు ఉంది, బ్యాచ్ నంబరు ఉంది, తేదీ ఉంది, వేసినవారి పేరు కూడా ఉంది. ఏ చెయ్యో మాత్రం లేదు. స్కానింగ్ చేశాం, పన్నెండు వారాలు ఆగి మళ్ళీ చేశాం. బిళ్ళ తగ్గిపోయింది. కార్డు మీద 'ఎడమ' అన్న మాట ఉన్నా ఆ రెండో స్కానింగ్ తప్పేది కాదేమో. కానీ మొదటి రోజే ఆమెకు ధైర్యం చెప్పి ఇంటికి పంపగలిగేదాన్ని.

మనలో ఎక్కువమందిది కుడిచేతి వాటం కాబట్టి టీకా ఎడమ చేతికి వేయడం అలవాటు. రొమ్ము క్యాన్సర్ కూడా కుడి పక్క కన్నా ఎడమ పక్కే కాస్త ఎక్కువ. అడగకుండా వేస్తే ఆపరేషన్ అయిన పక్కే పడే అవకాశం ఎక్కువన్న మాట. అడగడంలోనూ ఒక పద్ధతి ఉంది. వెనకాల వరసలో పక్కింటావిడ నిలబడి ఉంటుంది. అత్తవారింట్లో కూడా చెప్పుకోని ఆపరేషన్ గురించి నలుగురిలో ఎవరూ నోరు విప్పరు. "సూది, బీపీ వద్దని డాక్టరు చెప్పిన చెయ్యి ఏదైనా ఉందామ్మా?" అని అడగండి. ఆమెకు అర్థమవుతుంది, పక్కవాళ్ళకు కాదు. ఆపరేషన్ అయిన పక్క ఒక్క సూది పడితేనే చెయ్యి వాచిపోతుందనడానికి గట్టి ఆధారం లేదు, కాబట్టి పొరపాటున వేయించుకున్నవాళ్ళను భయపెట్టకండి. వీలున్నప్పుడు రెండో చెయ్యే మేలు. అప్పుడు బిళ్ళ కట్టినా జబ్బు పక్క కట్టదు.

ఈ బిళ్ళలు మామోగ్రామ్‌లోనూ కనబడతాయి కాబట్టి, ఆ పరీక్ష ఎప్పుడు చేయించుకోవాలన్న సలహాలు మారాయి. 2021లో అమెరికాలోని సొసైటీ ఆఫ్ బ్రెస్ట్ ఇమేజింగ్, వీలైతే మొదటి డోసుకు ముందే గానీ, రెండో డోసు తర్వాత నాలుగు నుంచి ఆరు వారాలకు గానీ స్క్రీనింగ్ చేయించుకోమంది. మరుసటి ఏడాది, టీకా కోసం పరీక్ష వాయిదా వేయొద్దని సవరించింది. తేదీ, చెయ్యి రాసి ఉంటే ఫిల్మ్ చదివే డాక్టరుకు అదే చాలు. కరెంటు పెట్టిన చోట టీకా తర్వాత చర్మం మళ్ళీ ఎర్రబడ్డ కేసులు కొన్ని నమోదయ్యాయి. అరుదే, అయినా డాక్టరుకు చూపించమనండి.

జ్వరం దగ్గర మాత్రం చాలా జాగ్రత్తగా ఉండండి. కీమో నడుస్తున్న మనిషికి తెల్లకణాలు పడిపోయి ఉండొచ్చు. ఆమెకు 100.4 డిగ్రీలు దాటితే "టీకా జ్వరమేలే, పారాసెటమాల్ వేసుకుని పడుకో" అన్న మాట ప్రాణం మీదికి తెస్తుంది. అర్ధరాత్రి అయినా ఆసుపత్రికి రమ్మని చెప్పండి. రక్త పరీక్షలో కణాలు బాగుంటే అప్పుడు టీకా జ్వరం అనుకుందాం. కీమోలో ఉన్నవాళ్ళకు బతికున్న క్రిములతో చేసిన టీకాలు వేయకూడదని మీరు చదువుకున్నారు. ఫ్లూ సూది అలాంటిది కాదు, వేయొచ్చు. కీమో తేదీని బట్టి ఎప్పుడు వేయాలో వాళ్ళ డాక్టరును అడిగి వేయండి.

రెండు పక్కలా ఆపరేషన్ అయినవాళ్ళకు తొడకు వేయొచ్చు. దానికి చాటు కావాలి. మీరు చేరబోయే కేంద్రంలో టీకా బల్ల పక్కన తెర లేకపోతే మొదటి వారంలోనే అడిగి పెట్టించండి. కార్డులో చెయ్యి రాయడానికి గడి లేకపోతే తేదీ పక్కనే పెన్నుతో రాయండి.