పెరటిలో కోళ్లగూటికి తగిన తావు



కోళ్ల పెంపకమును గూర్చి మాటలాడునపుడు జాతులను గూర్చియు, మేతను గూర్చియు, మందులను గూర్చియు పలువురు ప్రశ్నించుచుందురు. గూడెచ్చట కట్టవలెనని అడుగువారు అరుదు. పశువులకు కొట్టమును, ధాన్యమునకు గాదెను ఏర్పరచిన పిమ్మట మిగిలిన మూల కోళ్లకు దక్కును. ఆ మూల తరచుగా పెంటకుప్ప ప్రక్కనో, నీరు నిలుచు పల్లముననో యుండును. కోళ్లను కాపాడునది ముందు తావు, పిదప మందు. ఈ సంగతిని మీకు మనవి చేయుటయే నేటి నా ప్రసంగమునకు ఉద్దేశము.

మొదట చూడదగినది నేల. గూటిలో చెమ్మ యున్నచో రెట్ట కుళ్లి ఘాటైన ఆవిరి పుట్టును. అది కోళ్ల కన్నులను, ఊపిరిని చెరచును. పిల్లలను హరించు రక్తపారుడు రోగపు క్రిములు తడినేలయందు త్వరగా బలపడును. కావున మెరకనేల నెన్నుకొని, దానిపై అడుగెత్తు అరుగు వేయవలెను. మెరక ఏదియో కంటికి తెలియనిచో, గట్టివాన కురిసిన మరునాడు పెరడంతయు ఒకసారి తిరిగిచూడుడు. పాదము దిగబడని చోటే గూటికి తగినది. అయితే ఆ చోటు త్రాగునీటి బావికి ఎగువన నుండరాదు. వాననీటితోగూడ రెట్ట బావిలోనికి చేరును.

రెండవది ఎండ. కోడికి చెమట పట్టదు. నోరు తెరచి రొప్పుటచేతనే అది ఒంటి వేడిమిని చాలవరకు తగ్గించుకొనును. మన వేసవి మధ్యాహ్నమున, గాలి యాడని గూటిలో, ఆ రొప్పు చాలక కోళ్లు చచ్చుటయు కలదు. అందుచేత గూటి పొడవు తూర్పు పడమరలుగా నుండవలెను. అపుడు ఉదయసాయంకాలముల ఎండకు పొట్టిగోడలే ఎదురగును. ఉత్తర దక్షిణముల వైపు వలవేసి తెరచియుంచిన పొడవు ప్రక్కలనుండి గాలి యాడును. చూరు చాలినంత దింపినచో వానజల్లు లోపలికి రాదు. పడమట వేపచెట్టున్నచో మరియు మేలు. కాని కొమ్మలు కప్పుపై వ్రాలరాదు. పిల్లికి అవియే నిచ్చెనలు. కోడి యొక్కింటికి 2 చదరపుటడుగుల నేల వలయును. పది కోళ్లకు 5 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు గల గూడు సరిపోవును.

మూడవది దొంగల భయము. ముంగిస, అడవిపిల్లి, పాము రాత్రివేళ పొంచియుండును. మంచముపై పరుండినవారికి కోడికేక వినబడునంత దగ్గరగాను, వాసన వంటయింటికి సోకనంత ఎడముగాను గూడుండవలెను. ముంగిస నేల త్రవ్వి దూరగలదు. కావున వల అంచును అడుగు లోతున పాతిపెట్టుట మంచిది.

నాల్గవది అంటురోగము. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాలయందు బర్డ్ ఫ్లూ సోకి కోళ్లు పెద్దయెత్తున నశించిన సంగతి మీరెరుగుదురు. ఆ రోగమును నీటిపక్షులు మోసికొని రాగలవు. కావున చెరువుగట్టునను, బాతులు మసలు గుంటల చెంతను గూడు వలదు. కొక్కెర తెగులునకు టీకా కలదు. దానిని తప్పక వేయింపవలెను. కాని ఊరికోళ్లన్నియు కూడి మేయు దారిలో గూడు కట్టి, టీకానే నమ్మియుండుట వివేకము కాదు.

కోడికొరకు ఇంత యోచన యేల యని కొందరనవచ్చును. పెక్కిండ్లలో గ్రుడ్ల సొమ్మే ఆడువారి చేతిసొమ్ము. బిడ్డల పలకబలపములకును, ఆపదవేళ మందులకును అక్కరకు వచ్చునది అదియే. గూడు ఒక్క రాత్రిలో పాడైనచో ఆ ఆధారము పోవును.

పెరటిలో తావు నిర్ణయించునది సాధారణముగా ఇంటి పెద్దలు. గూడు ఊడ్చి, మేతవేసి, సందెవేళ కోళ్లను కమ్మునది స్త్రీలు. ఏ మూల నీరు నిలుచునో, ఏ గోడమీదుగా పిల్లి వచ్చునో వారికి తెలిసినంతగా మనకు తెలియదు. కావున గుంజ పాతుటకు ముందు వారిని అడుగుడు. వారు చూపిన చోటును పైన చెప్పిన నాలుగు విషయములతో సరిచూచుకొని, అటుపిమ్మట పలుగు చేతపట్టుడు.