సంతకానికి ముందు ‘మల్ ఓవర్’



ఇంగ్లీషులో ‘మల్ ఓవర్’ అనే మాట ఉంది. తొందరపడకుండా ఒక విషయాన్ని అటూ ఇటూ తిప్పి ఆలోచించడమని అర్థం. ఈ అర్థంలో అది 19వ శతాబ్దంలో అమెరికాలో వాడుకలోకి వచ్చింది. పొడి చేయడం, నూరడం అనే అర్థమున్న మధ్యయుగపు ఇంగ్లీషు మాట దీనికి మూలమని పలువురు పండితుల భావన. అంటే విషయాన్ని మెత్తగా నూరి చూడడమన్నమాట. మనం ‘నెమరువేసుకోవడం’ అంటాం గాని, అది ఎక్కువగా గడిచినదాన్ని తలచుకోవడం. ఇది నిర్ణయానికి ముందు చేసే పని. ‘పరిశీలనలో ఉన్నది’ అని రాసి ఫైలు పక్కన పెట్టడం మాత్రం మల్ ఓవర్ కాదు. ఆ విద్య మనందరికీ తెలిసిందే!

ఈ మాట ఇప్పుడెందుకంటే, మనమంతా ఇల్లు పిల్లల పేర రాసే వయసులో ఉన్నాం. 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టంలో 23వ సెక్షను ఉంది. మనల్ని చూసుకోవాలనే షరతుపై ఆస్తి ఇచ్చాక వారు చూడకపోతే, ఆ బదిలీ చెల్లదని ట్రిబ్యునల్ ప్రకటించవచ్చు. కనుక ఆ షరతు దస్తావేజులో స్పష్టంగా రాయించడం క్షేమం.

కాగితం ముందుకొస్తే, ‘ఆలోచించి చెప్తాను నాయనా’ అనండి. అది అపనమ్మకం కాదు. భార్యాభర్తలిద్దరూ కూర్చుని ఆ విషయం బాగా నూరండి. తరువాతే సంతకం.

సెలవు.