పాత గోడలు, పాత గ్రంథములు, సున్నము



గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండుట గ్రామమునకెల్ల పండుగ. తెలంగాణమున గ్రంథాలయోద్యమమునకు 1901 లో హైదరాబాదున వెలసిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము తొలిమెట్టు. ఆనాటి పెద్దల చింత తెలుగు గ్రంథములు దొరకవలెననియు, చదువరులు పెరుగవలెననియు. నేడు దానికి మరియొక చింత తోడైనది. దొరకిన గ్రంథము నిలుచుటెట్లు? తాతలు కట్టిన గోడ, వ్రాసిన తాటాకు, అచ్చువేయించిన కాగితము, ఈ మూడును కన్నులయెదుటనే శిథిలమగుచున్నవి. గోడకును కాగితమునకును మందు వెదకుచు దేశదేశముల శాస్త్రజ్ఞులు తిరిగి తిరిగి తెలుగువారి ఇంటి వస్తువు కడకే వచ్చిరి. అది సున్నము.

శ్రీశైలము రహదారిపై నున్న తుక్కుగూడ వంటి గ్రామములకు ఈ విషయము దూరమైనది కాదు. నగరము గ్రామముమీదికి నడచి వచ్చుచున్నది. ఇండ్లు లేచుచున్నవి, మిద్దెలు పడుచున్నవి. పాతవానిని చెరుపువారందరును ద్వేషముతో చెరుపుటలేదు. బాగుచేయుదమను ప్రేమతో చెరుపువారే యెక్కువ.

దీనికి అజంతా చిత్రములు సాక్ష్యము. ఆ గుహలు పూర్వము హైదరాబాదు రాజ్యములోనివి. ఆ రాజ్యపు పురావస్తు శాఖ 1914 లో ఏర్పడెను. గులాం యజ్దానీ దాని అధిపతి. 1920 మొదలు 1922 వరకు చెక్కోని, ఓర్సిని అను ఇటలీ నిపుణులను నిజాము ప్రభుత్వము రప్పించెను. ఊడిపోవుచున్న పూతను వారు గోడకు అంటించి నిలిపిరి. అది మేలైన పని. కాని చిత్రములపై లక్క వార్నిషు కూడ పూసిరి. నాడది అద్దమువలె మెరసెను. ఏండ్లు గడచినకొలది పసుపువారి, మసకబారి, రంగులను కప్పివేసెను. ఆ పూతను తొలగించుటకే తరువాతి తరముల రసాయనజ్ఞులు మిక్కిలి శ్రమపడవలసి వచ్చెను. పాత వస్తువునకు వేయు మందు ఆ వస్తువుతో పొసగవలెను; వేసినవారి తప్పు తరువాతివారు దిద్దుకొనుటకు వీలుండవలెను. ఈ రెండు గుణములు లేని మందు రోగముకంటె చెడ్డది.

ఇక సున్నము సంగతి. సున్నపురాతిని బట్టీలో కాల్చిన, దానిలోని బొగ్గుపులుసు వాయువు, అనగా కార్బన్ డై ఆక్సైడు, వెడలిపోవును. మిగిలినదానిపై నీరు పోసిన సలసల క్రాగి తడిసున్నమగును. దానికి ఇసుక కలిపి గానుగలో నూరి, బెల్లపు నీరు, కరక్కాయ రసము, మారేడు గుజ్జు వంటివి చేర్చి పెద్దలు డంగుసున్నము సిద్ధపరచెడివారు. గోడకెక్కిన సున్నము గాలిలోని ఆ వాయువునే మెల్లగ మరల గ్రహించి తిరిగి రాయి యగును. రాతినుండి పుట్టినది రాతిలోనికే చేరుట దీని విశేషము.

సిమెంటు స్వభావము వేరు. 1824 లో ఇంగ్లండున జోసెఫ్ ఆస్ప్డిన్ అనునాతడు పోర్ట్‌లాండ్ సిమెంటుకు పేటెంటు పొందెను. కొత్త కట్టడములకు అది గొప్ప బలము. కాని సున్నపు గోడ చెమ్మను పీల్చును, విడుచును. దానిపై సిమెంటు పూసిన చెమ్మ లోపలనే చిక్కుకొనును. నీటితోడి లవణములు ఆరునపుడు పలుకులుగ గట్టిపడి, మెత్తని రాతిని, ఇటుకను లోపలనుండి పగులగొట్టును. పైకి గోడ నున్నగనే కనబడును. మరియు ప్రపంచమున మనుష్యులవలన వెలువడు బొగ్గుపులుసు వాయువులో సుమారు 7 మొదలు 8 శాతము సిమెంటు తయారీ వలననే. సున్నపు బట్టీయు ఆ వాయువును విడుచును గాని, అందు కొంత భాగము గోడ మరల పీల్చుకొనును.

గోల్కొండ చెంత కుతుబ్‌షాహీ సమాధులలో ఇది ప్రత్యక్షమైనది. తెలుగు కవులచే మల్కిభరాముడని పిలిపించుకొనిన ఇబ్రహీం కుతుబ్ షా (1550–1580) అచటనే విశ్రమించియున్నాడు. అద్దంకి గంగాధర కవి తపతీ సంవరణోపాఖ్యానమును అంకితమొందినవాడాయనయే. ఇబ్రహీంపట్నమునకు ఆయన పేరే వచ్చినదని పెద్దలు చెప్పుదురు. ఆ కట్టడములకు ఇరువదవ శతాబ్దమున మరమ్మతుల పేర సిమెంటు పూతలు పడెను. 2013 లో ఆగాఖాన్ సాంస్కృతిక ట్రస్టువారు రాష్ట్ర పురావస్తు శాఖతో కలిసి పని చేపట్టి, ఆ సిమెంటును తొలగించి, పనివారల చేత తిరిగి సున్నమునే పూయించిరి. ఆ యేటి వానలకు కూలిన బడీ బావిని మరల నిలిపిరి. గోల్కొండ మెట్లబావుల పునరుద్ధరణమునకు 2022 లో యునెస్కో ఆసియా పసిఫిక్ పురస్కారము లభించెను. 2024 జూలైలో సమాధుల పని ముగిసెను.

అయితే కూలిన గోడకు పనికివచ్చు డంగుసున్నము, పొడిపొడిగ రాలు చిత్రమునకు పనికిరాదు. సున్నపుతేటను పీల్పింతమన్న, లీటరు నీటిలో రెండు గ్రాముల సున్నమైనను కరగదు. సున్నపుపాలు పూసిన, పలుకులు లావగుటచే లోనికి దిగక పైన తెల్లని పొరగ నిలుచును. ఈ చిక్కు విడిన కథకు మూలము ఒక వరద. 1966 నవంబరు 4 వ తేదీన ఆర్నో నది పొంగి ఇటలీలోని ఫ్లారెన్సు నగరమును ముంచెను. చర్చీల గోడచిత్రములు తడిసెను. జాతీయ గ్రంథాలయపు పుస్తకములు బురదపాలయ్యెను. ఆ నగర విశ్వవిద్యాలయ రసాయనాచార్యుడు ఫెర్రోని చిత్రముల రక్షణకు పూనుకొనెను. ఆయన బాటలో బాల్యోని మొదలగువారు సున్నమును నానో పరిమాణమునకు తెచ్చిరి. నానోమీటరనగా మీటరులో నూరుకోట్లవ వంతు. తలవెంట్రుక మందము సుమారు 80 వేల నానోమీటర్లుండగా, ఈ సున్నపు రేణువులు సాధారణముగ కొన్ని వందల నానోమీటర్లకు మించవు. వానిని నీటికి బదులు ఆల్కహాలులో కలిపి పూసిన, సన్నని రంధ్రములలోనికి దిగి, ఆల్కహాలు ఆవిరికాగా అచటనే గాలితో కలిసి రాయియగును. చిత్రము పుట్టిన ద్రవ్యముతోనే చిత్రము అతుకుకొనును.

కాగితమునకును ఇదియే మందు. పందొమ్మిదవ శతాబ్దపు నడుమనుండి కఱ్ఱగుజ్జుతోను, పటికతోను చేయబడిన కాగితములో ఆమ్లము దాగియుండును. అది కాగితపు నారను తినివేయుటచే పుటలు పసుపువారి, ముట్టిన విరుగును. నానో సున్నము ఆ ఆమ్లమును విరిచి, మిగిలినది ముందు పుట్టబోవు ఆమ్లమునకు అడ్డుగ పుటలో నిలిచియుండును.

ఇది సర్వరోగ నివారిణి కాదు. ఒరిగిన గోడను నిలుపజాలదు. చిక్కగ పూసిన చిత్రముపై తెల్లని ముసుగు వేయును. చేయి తిరిగిన నిపుణుల పనియే గాని అంగడిలో కొని పూసుకొను రంగు కాదు. కావున గ్రామమువారు చేయదగినది మొదట చెరుపకుండుట. గుడిగోడకు సిమెంటు పూయుటకు ముందు పురావస్తు శాఖవారినడుగుట. శాసనముపై ఎనామెలు రంగు వేయకుండుట, ఉలితో గీకకుండుట. తాటాకు పొత్తములకు నిమ్మగడ్డి నూనె మెత్తని గుడ్డతో అద్ది, చెక్కల నడుమ కట్టి, చెమ్మలేని చోట ఉంచుట.

కాగితముల విషయమున మరింత జాగ్రత్త వలయును. 1954–55 నాటి ఖాస్రా పహాణీ నకళ్ళు, పాత పట్టాలు, అమ్మకపు దస్తావేజులు రైతుల ఇండ్ల ట్రంకుపెట్టెలలో నున్నవి. వానిమీదనే భూమి, భూమిమీదనే కుటుంబము ఆధారపడియున్నవి. చిరుగునను భయముతో వానికి వేడి ప్లాస్టిక్కుతో లామినేషను చేయించుచున్నారు. అజంతా వార్నిషు చేసినదే ఆ ప్లాస్టిక్కు చేయును: ఆమ్లమును లోపల బంధించును, మరల ఊడదీయ సాధ్యముకాదు. వానికి లామినేషను మాని, మడతలు విప్పి, ఆమ్లము లేని కాగితపు సంచిలో పెట్టి, ఛాయాచిత్రము తీయించి ఆ ప్రతిని వాడుకొనవలెను.

గ్రంథాలయమువారు ఈ రజతోత్సవ వత్సరమున బీరువాలలోని పాత పుస్తకములను, గ్రామమువారి తాళపత్రములను, దస్తావేజులను పట్టికగ వ్రాయించిన, ఏవి నేటికి గట్టివో, ఏవి విరుగుచున్నవో తెలియును. నిపుణులను పిలుచుటకు ఆ పట్టికయే మొదటి ఆధారము. అట్టి పని ఈ సభనుండియే ఆరంభమగుగాక.

శుభం భూయాత్.