పాత కార్లు – కొత్త ఇంజెక్షన్లు

చార్మినారుకు కొద్ది దూరంలో ఖిల్వత్ వద్ద చౌమహల్లా ప్రాసాదం ఉన్నది. ఆసఫ్‌జాహీ ప్రభువులు వాడిన కార్లను అక్కడ ప్రదర్శనకు ఉంచారు. వాటిలో అందరి చూపును ఆకర్షించేది పసుపు వన్నె గల రోల్స్‌రాయిస్ సిల్వర్ ఘోస్ట్. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ దానిని చేయించవలెనని కోరారు. 1911లో ఆయన గతించిన తరువాతనే అది నగరానికి చేరింది. సింహాసనం వంటి ఎత్తైన ఆసనంతో దాని పైకట్టును లండనులోని బార్కర్ సంస్థవారు నిర్మించారు. ఏడు లీటర్లకు మించిన ఆరు సిలిండర్ల ఇంజను గల ఆ కారు, వేడుకలకు తప్ప, వీధుల వెంట తిరిగినది బహు తక్కువ.

ఆ ప్రాసాదం గోడలకు వెలుపల, షాలిబండ, మొఘల్‌పురా వీధులలో, మరొక తరగతి పాత కార్లు ఉన్నవి. 1957లో కలకత్తా సమీపాన ఉత్తర్‌పాడాలో పుట్టి 2014 దాకా తయారైన అంబాసిడరు. ప్రీమియర్ పద్మిని, అనగా మనవారు నేటికీ ఫియట్ అని పిలిచే కారు. ఇవి రాజులవి కావు. తాతగారు కొన్నవి, తండ్రిగారు నడిపినవి, మనుమలు అమ్మలేక దాచుకొన్నవి.

రాజుగారి కారుకు, తాతగారి కారుకు పోలిక ఒక్కటే. పెట్రోలును గాలితో కలిపి ఇంజనుకు అందించేది రెండింటిలోను కార్బురేటరే. దానిని తీసివేసి ఎలక్ట్రానిక్ ఇంజెక్షన్‌ను అమర్చుకోవచ్చునా అని ఈనాడు పాత కార్ల యజమానులు పలువురు అడుగుతున్నారు. రెండు కార్లకు ఒకే సమాధానం చెల్లదు అన్నదే మేము ఇక్కడ మనవి చేయదలచిన సంగతి.

మొదట కార్బురేటరు పనిని తెలుసుకొందాము. ఇంజనులో పిస్టను క్రిందికి దిగినప్పుడు గాలిని లోనికి లాగుతుంది. ఆ గాలి దారిలో ఒకచోట గొంతు సన్నబడుతుంది. సన్నని గొంతులో గాలి వేగం హెచ్చుతుంది. వేగం హెచ్చినచోట ఒత్తిడి తగ్గుతుంది. ప్రక్కనున్న చిన్న తొట్టిలోని పెట్రోలు ఆ ఒత్తిడి తేడా వల్ల జెట్టు అనే సన్నని బెజ్జం గుండా పైకి లేచి, తుంపరలై, గాలిలో కలిసిపోతుంది. తొట్టిలో మట్టం పెరగకుండా, తరగకుండా ఫ్లోటు కాపలా కాస్తుంది. ఇందులో విద్యుత్తు లేదు, గణితం లేదు. ఒక స్క్రూ డ్రైవరు, మంచి చెవి ఉన్న మిస్త్రీ దానిని వీధి ప్రక్కనే సరిచేయగలడు.

అయితే ఈ పరికరానికి పుట్టుకతో వచ్చిన పరిమితి ఒకటి ఉన్నది. గాలి ఎంత వేగంగా పోతున్నదో దానికి తెలుస్తుంది గాని, ఆ గాలి వేడిదో చల్లనిదో తెలియదు. తాను పోస్తున్న పెట్రోలు ఎటువంటిదో అంతకన్నా తెలియదు.

ఈ రెండు సంగతులే ఇప్పుడు చిక్కులు తెచ్చిపెడుతున్నవి. వేసవిలో మన నగరంలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. మదీనా కూడలి రద్దీలో ఆగుతూ, కదులుతూ పోయే కారులో ఇంజను వేడికి తొట్టిలోని పెట్రోలు మరుగుతుంది. గొట్టాలలో ఆవిరి నిండి పంపు లాగలేకపోతుంది. కారు నడివీధిలో ఆగిపోతుంది. వెనుక హారన్ల మోత మొదలవుతుంది.

ఇక పెట్రోలే మారిపోయినది. 20 శాతం ఇథనాలు కలిపిన పెట్రోలు అమ్మకం మన దేశంలో 2023 ఫిబ్రవరిలో ఆరంభమై, 2025 నాటికి దేశమంతటా వ్యాపించింది. ఒక కిలో పెట్రోలు పూర్తిగా మండడానికి 14.7 కిలోల గాలి కావలెను. ఒక కిలో ఇథనాలుకు 9 కిలోలు చాలును. 20 శాతం మిశ్రమానికి ఈ లెక్క 13.5 దాపున నిలుస్తుంది. అనగా అదే గాలికి సుమారు 9 శాతం ఎక్కువ ఇంధనం పోయవలెను. పూర్వపు పెట్రోలుకు సరిపడిన జెట్టు ఆ అదనపు ధారను ఇవ్వదు. మిశ్రమం పలుచబడి ఇంజను వేడెక్కుతుంది, ఎత్తు ఎక్కేటప్పుడు బలం చాలదు. పైగా ఇథనాలు పాత రబ్బరు గొట్టాలను, వాషర్లను చెడగొడుతుంది; తేమను పీల్చుకొని ట్యాంకులో తుప్పుకు దోహదం చేస్తుంది.

ఇంతమాత్రాన కార్బురేటరును పారవేయవలెనని కాదు. కాస్త పెద్ద జెట్టు, ఇథనాలుకు తట్టుకొనే కొత్త గొట్టాలు, కార్బురేటరుకు వేడి తగలకుండా ఒక రేకు అడ్డు: ఈ మూడింటితో చాలా కార్లు తిరిగి దారికి వస్తవి. తలనొప్పికి శస్త్రచికిత్స చేయించుకొనేవారు ఉండరు గదా!

అప్పటికీ తీరని చిక్కు ఉన్నవారికే ఇంజెక్షన్. ఇది నిన్న మొన్నటిది కాదు. అమెరికాలో బెండిక్స్ సంస్థ 1957లోనే ఎలక్ట్రానిక్ ఇంజెక్షన్‌ను ప్రకటించింది. జర్మనీకి చెందిన బాష్ సంస్థ 1967లో వోక్స్‌వాగన్ కారుకు దానిని అమర్చి నిలకడగా నడిపించింది. 1976లో వోల్వో సంస్థ పొగగొట్టంలోని ఆక్సిజన్‌ను కొలిచే సెన్సరును తోడు చేసింది. మన అంబాసిడరుకు కూడ తరువాతి కాలంలో ఇసుజు ఇంజనుతో కర్మాగారంలోనే ఇంజెక్షన్‌ను అమర్చారు.

ఇందులో పెట్రోలును గాలి లాగదు. విద్యుత్ పంపు ఒత్తిడితో నెట్టుతుంది. ఇంజెక్టరు అనే చిన్న కవాటం సెకనులో కొన్ని వేయవ వంతుల కాలం తెరచుకొని పెట్రోలును చిమ్ముతుంది. ఎంతసేపు తెరచుకోవలెనో ఇ.సి.యు. అనే పెట్టె నిర్ణయిస్తుంది. గాలి వేడి, లోపలి ఒత్తిడి, నీటి వేడి, ఇంజను వేగం: వీటిని సెన్సర్లు క్షణక్షణం దానికి తెలుపుతూ ఉంటవి. పొగలో ఆక్సిజన్ మిగిలితే మిశ్రమం పలుచన అని గ్రహించి పెట్రోలు పెంచుతుంది, మిగలకపోతే తగ్గిస్తుంది. కావున ఇథనాలు పాలు మారినా చాలావరకు తనంతట తానే సర్దుకొంటుంది. చేసిన పనికి ఫలితమేమో తిరిగి చూచుకొనే ఈ గుణమే కార్బురేటరుకు లేనిది.

అమర్చే విధానం రెండు విధాలు. ఒక్కొక్క సిలిండరుకు ఒక్కొక్క ఇంజెక్టరు పెట్టడం మొదటిది. కార్బురేటరు కూర్చున్న చోటనే, దాని వలెనే కనిపించే థ్రాటిల్ బాడీని కూర్చోబెట్టడం రెండవది. అంబాసిడరులోని పాత 1489 సి.సి. ఇంజనులో రెండేసి సిలిండర్లకు ఒకే గాలి ద్వారం ఉన్నది. అక్కడ మొదటి పద్ధతి చిక్కులు పెడుతుంది. రెండవదే సులభము. దానిలో ఇంజనుకు కొత్త రంధ్రం వేయనక్కరలేదు. పొగగొట్టానికి మాత్రం సెన్సరు కోసం ఒక గింజ అతికించవలెను. ఆ గొట్టాన్ని మరొక దానితో మార్చుకోవచ్చును.

కాని పెట్టెను కొని తెచ్చుకొన్నంత మాత్రాన పని పూర్తి కాదు. పాత కార్లలో పలువాటికి డైనమో ఉంటుంది. ఇంజను మందంగా తిరిగేటప్పుడు అది బ్యాటరీకి దాదాపు ఏమీ ఇవ్వదు. పంపు, ఇ.సి.యు. రెండూ నిలకడైన విద్యుత్తును కోరుతవి. కావున ఆల్టర్నేటరు తప్పదు. ఆ కాలపు బ్రిటిష్ నమూనా కార్లు కొన్నింటిలో బ్యాటరీ ధనధ్రువాన్ని చట్రానికి కలిపారు; దానిని తారుమారు చేసిన తరువాతనే ఇ.సి.యు. తీగలను తాకవలెను. ట్యాంకులోని తుప్పును ముందుగా కడిగించవలెను. లేనిచో ఇంజెక్టరు మొదటి వారంలోనే పూడుకొనిపోతుంది.

ఇక అన్నింటికన్న ముఖ్యమైనది నిప్పు భయం. కార్బురేటరు పంపు ఒత్తిడి చదరపు అంగుళానికి నాలుగైదు పౌండ్లకు మించదు. ఇంజెక్షన్ పంపు ఒత్తిడి తరచు 40 పౌండ్లు దాటుతుంది. ఆ ఒత్తిడికి పాత గొట్టం పగిలితే పెట్రోలు వేడి ఇంజనుపై చిమ్ముతుంది. ఇంజెక్షన్‌కై తయారైన గొట్టాలు, వాటికి తగిన పట్టీలు వాడవలెను. ఇంజను ఆగిన వెంటనే, లేక కారు దేనికైనా గుద్దుకొన్న వెంటనే, పంపు దానంతట అదే ఆగిపోయే ఏర్పాటు ఉండవలెను. ఈ రెంటిలో ఏది లోపించినా ఆ కారులో పిల్లలను ఎక్కించరాదని మా గట్టి హెచ్చరిక.

చట్టం మాట కూడ వినవలెను. 1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 52వ విభాగం, నమోదు పత్రంలోని వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చరాదని చెబుతున్నది. 2021 జూలైలో కేంద్రం చేసిన నిబంధనల ప్రకారం, 50 ఏండ్లు దాటి, చట్రంలో గాని, పైకట్టులో గాని, ఇంజనులో గాని పెద్ద మార్పు లేక అసలు రూపంలో ఉన్న వాహనానికే వింటేజ్ హోదా లభిస్తుంది. అట్టి వాహనాన్ని నిత్యం వీధిలో నడపరాదు. కావున యజమాని ముందుగా తేల్చుకోవలసిన ప్రశ్న ఒకటున్నది: ఈ కారు నాకు జ్ఞాపికయా, వాహనమా? జ్ఞాపిక అయితే ఇంజను జోలికి పోరాదు. వాహనం అయితే పని మొదలుపెట్టక మునుపే రవాణా కార్యాలయంలో వ్రాతపూర్వకంగా అడిగి తెలుసుకోవడం మేలు.

మరి మన పాతబస్తీ మిస్త్రీల గతి ఏమిటి? ప్లగ్గును విప్పి దాని రంగు చూచి, తెల్లగా ఉంటే మిశ్రమం పలుచన అని, మసిబారితే చిక్కన అని, గోధుమ వన్నె అయితే సరి అని చెప్పే విద్య వారిది. ఆ విద్య వ్యర్థం కాదు. సెన్సరు అబద్ధమాడినప్పుడు ప్లగ్గు నిజం చెబుతుంది. 2020 ఏప్రిల్ నుండి భారత్ స్టేజ్ 6 నిబంధనలతో కొత్త మోటారు సైకిళ్లు కూడ దాదాపుగా ఇంజెక్షన్‌కు మారినవి. వాటిని బాగుచేస్తూ యువకులు స్కానరు చూడడం నేర్చుకొన్నారు. పెద్ద మిస్త్రీ చెవి, చిన్న మిస్త్రీ స్కానరు ఒక్క దుకాణంలో కలిసిననాడు ఈ పని చక్కగా సాగుతుంది.

కావున శ్రోతలారా, చౌమహల్లాలోని సిల్వర్ ఘోస్ట్ కార్బురేటరు ఆ కారుతోనే ఉండవలెను. నూరేండ్ల క్రిందటి మనుషులు గాలిని, పెట్రోలును ఎట్లా కలిపారో అది రేపటి పిల్లలకు చూపించే సాక్ష్యము. మీ ఇంటి ముందున్న అంబాసిడరు మీ అమ్మగారిని ఆసుపత్రికి తీసుకొనిపోవలసిన బండి అయితే, ముందు జెట్టును, గొట్టాలను సరిచూడండి. అదీ చాలకపోతే, చట్టం ఒప్పుకొంటే, ఇంజెక్షన్‌ను అమర్చుకోండి. కాని కోయవద్దు, తొలచవద్దు. విప్పిన కార్బురేటరును, పంపును, డైనమోను కడిగి, నూనె పూసి, గుడ్డలో చుట్టి, ఏది ఎక్కడిదో చీటీ కట్టి పెట్టెలో దాచండి. మీ మనుమడు ఒకనాడు ఆ కారును తాతగారి కారుగానే చూడదలచితే, ఆ పెట్టె తెరచి తిరిగి బిగించుకొనే వీలు అతనికి మిగలవలెను.