పారిస్ మఠంలో వంటవాడు

జీతం, మెప్పు, పైవాళ్ల భయం... మనల్ని పనికి కదిలించేవి చాలావరకు ఇవే. 17వ శతాబ్దంలో పారిస్‌లోని కార్మెలైట్ మఠంలో వంట చేసిన బ్రదర్ లారెన్స్ మాత్రం దేవుడి మీద ప్రేమతో పనిచేశాడు. అంతకుముందు సైనికుడు. వంటపని స్వతహాగా గిట్టదు. అయినా ఏళ్ల తరబడి చేశాడు. పెనం మీద అట్టు తిప్పడం కూడా ఆయనకు ఆరాధనే. ద్రాక్షారసం కొనడానికి బర్గండీకి పంపితే, కాలు అవిటి కావడంతో పడవలో పీపాల మీద దొర్లుతూ కదిలేవాడు. పని ఇష్టమయ్యేదాకా ఆయన ఆగలేదు. నన్ను కదిలించేది అదే.

దేవుడి కోసం పనిచేయడమనే ఈ ఆలోచనకు మూలం బైబిల్‌లో, కొలొస్సయులకు రాసిన పత్రికలో ఉంది. ప్రభువు కోసమన్నట్టు మనస్ఫూర్తిగా పనిచేయమని అందులో చెప్పింది దాసులకు, జీతమూ మెప్పూ ఎరగని వాళ్లకు. ఆ వెంటనే యజమానులకూ ఆజ్ఞ ఉంది: దాసులకు న్యాయంగా ఇవ్వాలి, తమకూ పరలోకంలో యజమాని ఉన్నాడని గుర్తుంచుకోవాలి. ఈ రెండో మాటను వదిలేసి మొదటిదే బోధించడం అన్యాయం.