వెతికితే దొరకని మన పసుపు

అక్కలారా, జగిత్యాల, కోరుట్ల పసుపు కళ్లాల్లో, సిరిసిల్లలో కండెలు చుట్టేచోట, పని తేలిక చేసే ఉపాయాలు తట్టిన స్త్రీలు ఎందరో. పేటెంటుకు పోయేముందు అలాంటిది ఇప్పటికే నమోదయిందా అని వెతకాలి. పేటెంటు కార్యాలయం రికార్డులు ఇంటర్నెట్‌లో ఉచితంగానే చూడవచ్చు. యంత్రం పేరుతోనే కాదు, అది చేసే పనితోనూ వెతకండి. ఈలోగా దాన్ని నలుగురిలో ప్రదర్శించకండి, కొత్తదనం పోతుంది.

అయితే రికార్డుల్లో లేనిదల్లా కొత్తది కాదు. గాయాలు మాన్పడానికి పసుపు వాడకంపై 1995లో మిసిసిపీ విశ్వవిద్యాలయ వైద్యకేంద్రానికి అమెరికా పేటెంటు ఇచ్చింది! అప్పటి అక్కడి చట్టం పరదేశాల్లోని వాడకాన్ని లెక్కలోకి తీసుకోదు. అచ్చయిన ఆధారం కావాలి. సి.ఎస్.ఐ.ఆర్. సంస్కృత గ్రంథాన్నీ, 1953 నాటి వైద్యపత్రిక వ్యాసాన్నీ చూపాక, 1997లో కొట్టేశారు. పసుపు నూరి గాయానికి అద్దిన తల్లుల మాట మాత్రం సాక్ష్యం కాలేదు.

మన చట్టం కొంత నయం. సెక్షన్ 25 కింద, పేటెంటు ఇవ్వకముందే, స్థానిక సమూహాల్లో నోటిమాటగా ఉన్న జ్ఞానాన్ని చూపి ఎవరైనా అభ్యంతరం చెప్పవచ్చు. కానీ దరఖాస్తు పడిందని మనకు తెలియాలి కదా! అది మామూలుగా 18 నెలలకు ప్రచురితమవుతుంది. పసుపు, కండెలు, బీడీల పనుల మీద ఏమేం వచ్చాయో మన సంఘాలు మూణ్ణెల్లకోసారి వెతకాలి. ఇక్కడి నుంచే మొదలుపెడదాం.